అమ్మిరాజుగారి జనరేటర్

పుష్పలత మేడమ్ దగ్గర్నుంచి ఫోన్ వచ్చేటప్పటికి ఉదయం పదిన్నర. అప్పటికి సఖినేటిపల్లిలో కరెంటు పోయి ఒక రోజు కావస్తోంది. గోదావరి రేవు మెట్లు దాటి రోడ్డెక్కింది. గోదావరి దాటించి నరసాపురం చేర్చే పంటు ముందురోజు మధ్యాహ్నమే ఆపేశారు. అవతలి ఒడ్డున కాలేజీలో పాఠాలు చెప్పే వెంకటసాయిరాం అక్కడే ఉండిపోయాడు. ఇంట్లో అతని భార్య శ్రీకళ, తండ్రి శరభయ్యగారు మాత్రమే ఉన్నారు. డాబా మీద ఈశాన్యం మూల నిలబడితే సెల్‌ఫోన్లో మాట వినిపిస్తోంది గానీ నెట్ రావడం లేదు.

శ్రీకళ గొడుగు పట్టుకుని ఆ మూలే నిలబడి ఫోన్ ఎత్తింది.

“సైటు పడుకునేలా ఉంది శ్రీకళా,” అంది పుష్పలత. “పిల్లలు కాలేజీలన్నీ ఎంచుకుని సేవ్ కొట్టేసరికి బయటికి తోసేస్తోంది. మళ్లీ మొదటినుంచి మొదలెడుతున్నారు. సాయంత్రం ఐదింటితో ఆఖరు. గడువు పెంచమని అడిగాం. రేపు పొద్దున్నే సీట్లు కేటాయించాలి, కుదరదన్నారు.”

శ్రీకళ హైదరాబాదులోని ఒక కంపెనీకి సర్వర్లు చూస్తుంది. రెండేళ్లుగా ఇంటినుంచే పని. పుష్పలత అక్కడ ఆమె పై అధికారి. ఇంటర్ పాసైన పిల్లలు ఇంజినీరింగ్ కాలేజీలు ఎంచుకునే కౌన్సెలింగ్ సైటు ఆ సర్వర్లలో ఒకదాని మీద నడుస్తుంది. ఆ సర్వర్లో ముప్ఫై రెండు ప్రాసెసర్లుంటే, రోజూ పనిచేసేవి ఇరవై నాలుగే. మిగిలిన ఎనిమిదీ ఆ పెట్టెలోనే ఉంటాయి కానీ వాటికి తాళం. రద్దీ పెరిగిన రోజున తయారీ కంపెనీ నుంచి ఒక కోడ్ తెప్పించుకుని, సర్వర్‌ని అదుపుచేసే కన్సోల్లో కొడితే అవి కూడా పనిలోకి దిగుతాయి. రద్దీ తగ్గాక మళ్లీ పక్కకి తప్పుకుంటాయి. ఏడాదిలో రెండు మూడు రోజులకి మించి వాటి అవసరం పడదు. ఆ శుక్రవారం పడింది.

“కోడ్ తెప్పించాను,” అంది పుష్పలత. “ఎనిమిదీ తెరిచెయ్యాలి. నీకు నెట్ ఎప్పుడొస్తుంది?”

శ్రీకళకి మే నెలలో వచ్చిన ఒక మెయిల్ కళ్లముందు కనిపించింది. కన్సోల్ సాఫ్ట్‌వేర్‌కి అప్‌డేట్ వచ్చిందనీ, ఇకముందు ఇచ్చే కోడ్లు ఆ అప్‌డేట్ వేసుకున్న కన్సోళ్లే చదవగలవనీ దాని సారాంశం. ఆమె దాన్ని చదివింది. పక్కన పెట్టింది.

“మేడమ్, మీకొక మాట చెప్పాలి. ఆ కోడ్ ఇప్పుడు కొట్టినా కన్సోల్ తీసుకోదు. ముందు అప్‌డేట్ వెయ్యాలి. మేలోనే వెయ్యాల్సింది. రెండుసార్లు వాయిదా వేశాను. మొదటిసారి రిజల్ట్స్ హడావిడిలో ఉన్నాం. రెండోసారి కారణమేమీ లేదు. నడుస్తున్నదాన్ని కదపడమెందుకనిపించింది. తప్పు నాది.”

పుష్పలత నోరు కటువని ఆఫీసులో అందరూ అనుకుంటారు. చిన్న పొరపాటుకి కూడా పదిమందిలో నిలబెట్టి అడుగుతుంది. శ్రీకళ గొడుగు పిడిని గట్టిగా పట్టుకుని నిలబడింది.

“అప్‌డేట్‌కి ఎంతసేపు పడుతుంది?” అంది పుష్పలత.

“రెండు గంటలు.”

“సర్వర్ ఆపాలా?”

“అక్కర్లేదు మేడమ్. కన్సోల్ ఒక్కటే ఆగి మళ్లీ లేస్తుంది. ఆ కాసేపూ మనకి సర్వర్ కనిపించదు గానీ, దాని పని అది చేసుకుంటూనే ఉంటుంది.”

“ఉదయ్ కిరణ్‌ని అడగనా?”

కన్సోల్లోకి వెళ్లే అధికారం ఇద్దరికే ఉంది. రెండోవాడు ఉదయ్ కిరణ్. అతని పెళ్లి ఆ రోజే, విశాఖపట్నంలో.

“ఈపాటికి పీటల మీద కూర్చుని ఉంటాడు మేడమ్. ల్యాప్‌టాప్ ఆఫీసులోనే వదిలి వెళ్లాడు. అతని వేలిముద్ర లేందే అది తెరుచుకోదు.”

“సరే, వదిలెయ్. మధ్యాహ్నం ఒకటిన్నరకల్లా నువ్వు కన్సోల్లో ఉండాలి. ఎలా ఉంటావో నాకు తెలీదు. అంతవరకూ ఇక్కడ నేను చిన్నాచితకా పనులన్నీ ఆపేసి సైటుని నిలబెడతాను. ఎవరి తప్పన్నది తర్వాత. ఇప్పుడు దాని గురించి ఆలోచించకు, చెయ్యి వణుకుతుంది.”

ఆ చివరి మాటకి శ్రీకళ కళ్లు తడిశాయి. ల్యాప్‌టాప్ సంచీని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని వీధిలోకి దిగింది. శరభయ్యగారు వాకిట్లో నిలబడి అంతా విన్నట్టున్నారు. కండువా తలకి చుట్టుకుని, తన గొడుగు తెరిచి, ఏమీ అడక్కుండా వెనకే నడిచారు.

ఊరికి నెట్ ఇచ్చే కేబుల్ నాని గది రేవు దారిలో, నడుమెత్తు అరుగు మీద ఉంది. నీళ్లు అరుగు కిందికే వచ్చి ఆగాయి. నాని గుమ్మంలో కూర్చుని తడిసిన వైర్లు తుడుచుకుంటున్నాడు.

“ఫైబర్ ఎక్కడా తెగలేదక్కా,” అన్నాడు. “రాజోలు నుంచి మా గది దాకా సిగ్నల్ వస్తానే ఉంది. ఇక్కడ పెట్టెకి కరెంటు లేదు. బ్యాటరీలు నిన్ననే అయిపోయేయి. కింద పెట్టిన నా జనరేటర్లోకి వరదనీళ్లెళ్లిపోయేయి.”

“ఇంకోటి ఎక్కడా దొరకదా?”

“ఉన్నయ్యన్నీ చెరువుల మీదే ఉన్నాయక్కా. ఈ రోజు రొయ్యలోళ్లని ఎవరడుగుతారు చెప్పండి?”

అతనన్నది నిజమే. రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లని చక్రాలుంటాయి. అవి తిరిగి నీళ్లని చిలికితేనే రొయ్యలకి గాలి అందుతుంది. ఎండ ఉన్న రోజున కొంతసేపు ఆగినా పరవాలేదు. మబ్బు మూసిన రోజున ఆగితే రొయ్య ఊపిరాడక పైకి తేలుతుంది. కరెంటు లేనప్పుడు ఆ చక్రాలకి జనరేటరే దిక్కు. దాన్ని ఇవ్వమనడం ఎలాంటిదో ఆ ఊళ్లో పుట్టిపెరగని శ్రీకళకి కూడా తెలుసు.

“అమ్మిరాజుని అడుగుదాం, పద,” అన్నారు శరభయ్యగారు.

“ఆయన ఇస్తారంటారా మావయ్యగారూ?”

“అది నాకు తెలీదమ్మా. ఇవ్వలేకపోతే ఇవ్వలేనని మొహం మీదే చెప్పే మనిషి. అలాంటివాణ్ణి అడగడానికి మొహమాటం అక్కర్లేదు.”

గట్టు దారిలో రెండు కిలోమీటర్లు. శరభయ్యగారికి డెబ్భై నాలుగేళ్లు. వేదపాఠశాలలో ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పిన మనిషి, చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో ఆమె కంటే ముందు నడిచారు.

అమ్మిరాజుకి కొబ్బరితోటా, దాని చివర నాలుగెకరాల చెరువూ ఉన్నాయి. భార్య పార్వతితో కలిసి చెరువు గట్టు మీది పాకలో ఉన్నాడు. పక్కనే ట్రాలీ మీద జనరేటర్ మోగుతోంది. శరభయ్యగారిని చూసి ఎదురొచ్చాడు.

“ఇంత వానలో మీరొచ్చేరేంటండి పంతులుగారూ? కబురంపితే నేనే వద్దును కదండి.”

“పని మాదయ్యా. మా కోడలు చెబుతుంది, విను.”

శ్రీకళ చెప్పింది. సర్వరనీ ప్రాసెసరనీ ఎక్కువ పేర్లు పెట్టకుండా, పిల్లలు సీట్ల కోసం పేర్లిచ్చుకునే యంత్రం రద్దీకి ఆగిపోయేలా ఉందనీ, తను లోపలికి వెళ్లి దాని బలం పెంచాలనీ, అందుకు కేబుల్ గదికి కరెంటు కావాలనీ చెప్పింది.

“ఎంతసేపమ్మా?”

“నాలుగు గంటలు బాబాయిగారూ. ఐదు లోపల నేనే దగ్గరుండి తెచ్చేస్తాను.”

“పిల్లలంటే, మనూరోళ్లా?”

ఔననేస్తే పని తేలికవుతుందని ఆమెకి తోచింది. కానీ ఆ మనిషి ముందు అబద్ధం చెప్పాలనిపించలేదు.

“తెలీదండి. ఉండొచ్చు, లేకపోవచ్చు. అన్ని జిల్లాలవాళ్లూ ఉన్నారు. నలభై వేల మంది దాకా. ఇంకో మాట కూడా చెప్పాలి. ఇది నేను వేసవిలోనే చేసి పెట్టుకోవాల్సిన పని. చెయ్యకపోబట్టే మీ దగ్గరికి రావాల్సొచ్చింది.”

అమ్మిరాజు ఆకాశం చూశాడు. గట్టు దిగి నీళ్లల్లో చెయ్యి పెట్టి చూశాడు. పైకొచ్చి భార్య మొహంలోకి చూశాడు. పార్వతి పాకలోకెళ్లి ఇంజను స్టార్ట్ చేసే హ్యాండిల్ తెచ్చి మొగుడి చేతికిచ్చింది.

“నీళ్లు తోడే ఇంజనుందమ్మా మాకు,” అన్నాడు అమ్మిరాజు. “చెరువు నీళ్లే తోడి ఎత్తు మీంచి పోయిస్తే కొంత గాలి కలుస్తాది. జనరేటరు తీసుకెళ్లండి. ట్రాక్టరు మా పాలేరు తోల్తాడు.”

“మీకు చాలా...”

“పనెల్లిపోతాది, ముందు బయల్దేరండి. పంతులుగారు ట్రాక్టరెక్కి కూర్చోండి, బురదలో మళ్లీ నడవకండి.”

ఒంటిగంటా పది నిమిషాలకి జనరేటర్ కేబుల్ గది ముందు నిలబడింది. నాని వైర్లు కలిపాడు. పెట్టె మీద ఒక్కొక్క దీపమూ పచ్చగా వెలిగింది. ఒకటీ ఇరవైకి శ్రీకళ కన్సోల్లో ఉంది.

ముందు కన్సోల్‌కి బ్యాకప్ తీసుకోవాలి. దానికి ఇరవై అయిదు నిమిషాలు. అది వదిలేస్తే అంత సమయం కలిసొస్తుందన్న ఆలోచన ఒక్క క్షణం ఆమెకి రాకపోలేదు. వాయిదా మీద వాయిదా వేసే మనసే అలాంటి దగ్గరదారి కూడా చూపిస్తుందనుకుని, బ్యాకప్ మొదలుపెట్టి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తర్వాత అప్‌డేట్. పదిశాతం, పన్నెండు శాతం, చాలాసేపు పన్నెండు దగ్గరే. నాని టీ తెచ్చి ఇస్తే తాగిందో లేదో కూడా ఆమెకి గుర్తులేదు.

రెండూ యాభైకి కన్సోల్ తనంతట తను ఆగింది. తెర నల్లబడింది.

“ఇక్కడ సైటు నడుస్తూనే ఉంది,” అంది పుష్పలత నెట్ కాల్లో. “మూలుగుతూ నడుస్తోంది. నువ్వేం కంగారుపడకు.”

మూడుంపావుకి కన్సోల్ లేచింది. కొత్త సాఫ్ట్‌వేర్ పేరు పైన కనిపించింది. శ్రీకళ కోడ్ కొట్టింది. ఒక్కొక్క అక్షరమూ పైకి చదువుకుంటూ కొట్టింది. తెర మీద ఎర్రగా ఒక వాక్యం వచ్చింది. ఈ కోడ్ ఈ సర్వర్‌కి చెల్లదట.

మళ్లీ కొట్టింది. మళ్లీ అదే.

“సర్వర్‌ని ఒకసారి ఆపి లేపితే?” అంది పుష్పలత. ఆమె గొంతులో మొదటిసారి తొట్రుపాటు వినిపించింది.

సర్వర్‌ని ఆపితే లోపలున్న వేలమంది పిల్లలూ బయట పడతారు. అది లేవడానికి నలభై నిమిషాలు. ఐదింటికి గడువు. శ్రీకళ వేలు మౌస్ మీదే ఉంది.

“ఐదు నిమిషాలివ్వండి మేడమ్. అప్‌డేట్‌తో వచ్చిన సూచనలు పూర్తిగా చదవలేదు. చదువుతాను.”

ఆ సూచనలు పందొమ్మిది పేజీలు. వాటిని చివరిదాకా చదివేవాళ్లు అరుదు. పదిహేడో పేజీలో, మిగతా అన్నిటికంటే చిన్న అక్షరాల్లో ఒక గమనిక ఉంది. చాలా పాత వెర్షన్ నుంచి నేరుగా వచ్చినవాళ్లకి మొదట కోడ్ తిరస్కరించబడవచ్చు, సర్వర్‌ని ఆపనక్కర్లేదు, కన్సోల్‌కీ సర్వర్‌కీ మధ్య కనెక్షన్ తీసేసి మళ్లీ కలిపి, కోడ్ తిరిగి కొట్టండి, అని. ఆపనక్కర్లేదన్న మాటని రెండుసార్లు రాశారు.

ఆమె కనెక్షన్ తీసింది, కలిపింది, కోడ్ కొట్టింది. ఇరవై నాలుగు ఉన్నచోట ముప్ఫై రెండు కనిపించింది. కొత్తగా వచ్చిన ఎనిమిదింటినీ కౌన్సెలింగ్ సైటుకి అప్పగించింది. రెండు నిమిషాలు ఏమీ మారలేదు. తర్వాత సర్వర్ మీది భారం చూపిస్తూ తొంభై తొమ్మిది శాతం దగ్గర పొద్దుటినుంచీ నిలబడిపోయిన గీత తొంభైకి, ఎనభై రెండుకి, డెబ్భైకి దిగింది.

“సేవ్ అవుతున్నాయి,” అంది పుష్పలత. “శ్రీకళా, అన్నీ సేవ్ అవుతున్నాయి.”

శ్రీకళ మళ్లీ ఆ పదిహేడో పేజీ తెరిచింది. రాసినవాళ్ల పేరు ఎక్కడా లేదు. ఏ దేశంలోనో ఎవరో ఒకరు ఇదే చిక్కులో పడి, ఎలాగో బయటికొచ్చి, తర్వాత వచ్చేవాళ్లు సర్వర్‌ని ఆపేసుకోకూడదని ఆ నాలుగు ముక్కలూ రాసిపెట్టారు. వాళ్లకి మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

టైము మూడూ ముప్ఫై ఎనిమిది.

“మేడమ్, ఇక్కణ్నుంచి నేను చెయ్యాల్సింది ఇంకేమీ లేదు. సైటు మీరు చూసుకోగలరా? జనరేటర్ తిరిగిచ్చేస్తాను.”

“ఐదింటిదాకా ఉండవా?”

“నాకు చూడాలనే ఉంది. కానీ అది ఒకళ్ల చెరువు మీంచి తెచ్చింది.”

పుష్పలత మరో మాట అడగలేదు. “వెళ్లు, వెళ్లు,” అంది.

నాని వైర్లు విప్పుతుంటే పచ్చదీపాలన్నీ ఆరిపోయాయి. శ్రీకళ ట్రాక్టర్ మీదే కూర్చుని చెరువుకి వెళ్లింది. గట్టు ఎక్కి చెరువుకేసి చూసింది.

ఇంజను పెట్టి నీళ్లు తోడుతున్నారు. ఆ పైపు చివరని అమ్మిరాజు తల కంటే ఎత్తుగా భుజం మీద ఎత్తిపట్టుకుని, నడుములోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. అంత ఎత్తు నుంచి పడితే గాని నీళ్లలో గాలి కలవదు. ఒక్కచోటే పోస్తే చాలదు కాబట్టి అడుగులో అడుగు వేసుకుంటూ చెరువంతా తిరుగుతున్నాడు. ఆయన వెనక పార్వతి, మరో ఇద్దరు ఆడకూలీలు, వెదురు తెడ్లతో నీళ్లని కొడుతున్నారు. మధ్యాహ్నం నుంచీ వాళ్లు చేస్తున్న పని అదే. పార్వతి పెదవులు చలికి నల్లబడ్డాయి. గట్టు వార రొయ్యలు గుంపుగా పైకొచ్చి మీసాలు ఆడిస్తున్నాయి.

శ్రీకళ ల్యాప్‌టాప్ సంచీ పాకలో పడేసి నీళ్లలోకి దిగింది.

“మీరెందుకమ్మా, జలుబు చేస్తాది,” అంది పార్వతి.

“తెడ్డు ఇలా ఇవ్వండి పిన్నిగారూ.”

పార్వతి ఇవ్వలేదు. పక్కనున్న ఇంకో తెడ్డు చూపించింది. శ్రీకళకి అది ఎలా కొట్టాలో తెలీలేదు. రెండు దెబ్బలకే మొహమంతా బురదనీళ్లు పడ్డాయి. చూసి నేర్చుకుని కొట్టింది. పది నిమిషాల్లో జనరేటర్ అమరింది. చక్రాలు ఒకదాని తర్వాత ఒకటి తిరగడం మొదలుపెట్టాయి. నీళ్లు తెల్లగా లేచాయి.

అమ్మిరాజు పైపు దించి గట్టెక్కాడు. భుజం మీద పైపు ఒరుసుకున్నచోట చర్మం ఎర్రగా లేచింది.

“బేగానే తెచ్చేసేరే,” అన్నాడు. “పనైందా అమ్మా?”

“అయిందండి.”

“అయితే మంచిదే.”

పార్వతి గట్టు వారే నడుస్తూ చిన్న వలతో ఏదో ఏరుతోంది. శ్రీకళ దగ్గరికెళ్లి చూసింది. చచ్చిన రొయ్యలు. బుట్ట సగానికి వచ్చింది.

“ఇవన్నీ మా మూలంగానేనా పిన్నిగారూ?”

“రోజూ ఎంతో కొంత ఉంటాయమ్మా,” అంది పార్వతి. “ఇయ్యాళ కొంచెం ఎక్కువ. ఆయన ముందే అనుకున్నారులెండి. చెరువు మొత్తం పోదు, కొంత పోతాదని నాతో అన్నారు.”

“మరి తెలిసి కూడా ఎందుకిచ్చారు?”

“మీరు మాకేం దాచలేదు కదమ్మా. మనూరోళ్లో కాదో తెలీదన్నారు. ఉన్న మాట చెప్పేరు. మేమూ లెక్కేసుకునే ఇచ్చేం. అందుకని మీరేం బాధపడకండి.”

శ్రీకళ ఆమె చేతిలోంచి బుట్ట అందుకుంది. శాకాహారుల ఇంట్లో పుట్టి అలాంటి ఇంట్లోనే మెట్టిన ఆమె, చచ్చిన రొయ్యని చేత్తో ముట్టుకోవడం అదే మొదలు. చీకటి పడకముందే ఆ గట్టంతా ఇద్దరూ ఏరారు.

ఐదూ ఐదుకి పుష్పలత ఫోన్ చేసింది. గట్టు మీద సిగ్నల్ బాగానే ఉంది. మూడున్నర తర్వాత పదకొండు వేల రెండొందల మంది తమ ఎంపికలు సేవ్ చేశారనీ, గడువు ముగిసే సమయానికి ఒక్కరు కూడా మధ్యలో ఆగిపోలేదనీ చెప్పింది. శ్రీకళ స్పీకర్ పెట్టింది.

“ఇంకోసారి చెప్పండి మేడమ్. ఇక్కడ వినాల్సినవాళ్లున్నారు.”

పుష్పలత మళ్లీ చెప్పింది. తర్వాత, “జనరేటర్ ఇచ్చినవారేనా? అండీ, నమస్కారమండి. మీ పేరు?” అంది.

“అమ్మిరాజండి. ఆయ్.”

“అమ్మిరాజుగారూ, పదకొండు వేల ఇళ్లలో ఈ రాత్రి పిల్లలు అన్నం తిని నిద్రపోతారండి. ఎవరి వల్లో వాళ్లకి తెలీదు. నాకు తెలుసు.”

అమ్మిరాజు తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. “మీరు కూడా భోంచెయ్యండమ్మా,” అన్నాడు చివరికి.

బుధవారానికి కరెంటొచ్చింది, పంటు తిరిగింది, వెంకటసాయిరాం ఇంటికొచ్చాడు. ఆ వారం కంపెనీకి పంపిన నివేదికలో శ్రీకళ మొదటి కారణం కింద తన పేరే రాసింది. మేలో వచ్చిన అప్‌డేట్‌ని కారణం లేకుండా వాయిదా వేశానని రాసింది. పుష్పలత ఆ వాక్యం తీసెయ్యమని చెప్పలేదు. దాని కింద, ఇకనుంచి ప్రతి నెలా రెండో ఆదివారం పొద్దున్న అప్‌డేట్లన్నీ చూస్తామనీ, ఆ పని ఒక్కరి మీదే ఉంచబోమనీ ఇంకో వాక్యం కలిపింది. తోడ్పడినవాళ్ల పేర్లున్న చోట నాని పేరూ, అమ్మిరాజు, పార్వతుల పేర్లూ ఉన్నాయి. అమ్మిరాజు ఏ కంపెనీ తరఫున వచ్చారని పై ఆఫీసరొకాయన అడిగితే, “చెరువు తరఫున” అని పుష్పలత జవాబు రాసిందట.

కౌన్సెలింగ్ సంస్థ నుంచి కృతజ్ఞతల లేఖ వచ్చిన రోజున శ్రీకళా, శరభయ్యగారూ కలిసి దాన్ని చెరువు దగ్గరికి పట్టుకెళ్లారు. అమ్మిరాజు అద్దాలు పెట్టుకుని ఆసాంతం చదువుకున్నాడు.

“ఇందులో ప్రాసెసర్లంటే ఏంటమ్మా?” అన్నాడు.

“లెక్కలు కట్టే బుర్రల్లాంటివండి. ఎనిమిది కావాల్సొచ్చాయి ఆ రోజు.”

“కొత్తవి తెచ్చి పెట్టేరా?”

“లేదండి. ముందునుంచీ లోపలే ఉన్నాయి. తాళం తీశాం.”

“లోపలే ఉన్నాయా!” అని ఆశ్చర్యపోయి, కాసేపు చెరువుకేసి చూశాడు. “మరి ఆ ఎనిమిదీ ఇప్పుడేం చేస్తున్నాయి?”

“ఊరికే ఉన్నాయండి. రద్దీ లేదు కదా.”

పార్వతి కొబ్బరి బొండాలు కొట్టి తెచ్చింది. శరభయ్యగారు తాగి, ఈ చెట్టు నీళ్లు తియ్యగా ఉన్నాయి, ఏ చెట్టని అడిగారు. అమ్మిరాజు లేచి చూపించడానికి తీసుకెళ్లాడు. పార్వతి, శ్రీకళ పాక అరుగు మీద కూర్చున్నారు. రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడికి ఇంకో నెల ఉందనీ, రొయ్య ఏపుగానే ఉందనీ పార్వతి చెబుతుంటే శ్రీకళకి గుండె తేలికపడింది. ఇంకా వినాలని, ఎంత బరువుకొచ్చింది, ఏం మేత వేస్తున్నారు అని ఒక్కొక్కటే అడుగుతూ కూర్చుంది.